పర్లాకిమిడి – మహేంద్రగిరి – శ్రీముఖలింగం: ఒక్క రోజులో సైకిల్ మీద చుట్టి రావడం సాధ్యమా?

తనయతీరం (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరులో ఒక ఆదివారం నాడు మేము నలుగురం పర్లాకిమిడి నుంచి తెల్లవారుజామునే బయలుదేరి, రాయగడ, కొయిన్‌పూర్ మీదుగా మహేంద్రగిరి శిఖరం దాకా ఎక్కి, అదే దారిన దిగి ఊరు చేరి, ఆపైన పాతపట్నం, హిరమండలం మీదుగా శ్రీముఖలింగం వెళ్ళి, చల్లవానిపేట, సారవకోట దారిలో చీకటి పడకముందే ఇళ్ళకు చేరాలని అనుకుంటున్నాం. ఇక్కడ రాయగడ అంటే గజపతి జిల్లాలోని బ్లాకు. అదే పేరు గల జిల్లా కేంద్రం వేరే ఉంది కాబట్టి కొత్తవారు పటంలో వెతికేటప్పుడు జాగ్రత్తగా చూసుకోవాలి.

ఈ రెండు చోట్లనూ ఒకే రోజులో కలపాలన్న కోరికకు కారణం ఉంది. తూర్పు గాంగులు తమ శాసనాలలో మహేంద్రాచల శిఖరం మీద వెలసిన గోకర్ణస్వామిని కులదైవంగా స్తుతించుకున్నారు. వారి రాజధాని కళింగనగరం నేటి ముఖలింగమేనని చరిత్రకారులలో ఎక్కువ మంది అంగీకరించారు. దైవం కొండ మీద, రాజధాని వంశధార ఒడ్డున, నడుమ మన ఊరు. ఆ రెండింటి మధ్య దూరం ఎంతటిదో కాళ్ళతో తెలుసుకోవాలని మా ఆశ. దారి, గేర్లు, ముందు ఏది వెనుక ఏది అన్న విషయాలలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

గట్టుదారి (శ్రీకాకుళం)

ముందుగా ఎత్తు సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ ప్రయాణంలో దూరం కంటే అదే అసలు పరీక్ష. మహేంద్రగిరి శిఖరం సముద్ర మట్టానికి 1,501 మీటర్ల ఎత్తున ఉంది, పర్లాకిమిడి 150 మీటర్ల లోపే ఉంది. అంటే నికరంగానే 1,350 మీటర్లు ఎక్కాలి, నడుమ వచ్చే చిన్న చిన్న దిగుడులను మళ్ళీ ఎక్కవలసి రావడం దానికి అదనం. మనిషి, సైకిలు, నీళ్ళు కలిసి 85 కిలోలు అనుకుంటే, ఆ ఎత్తుకు మోసుకుపోవడానికే శరీరం సుమారు 1,100 నుంచి 1,200 కిలోక్యాలరీలు ఖర్చు చేస్తుంది. గాలిని చీల్చుకుంటూ, రోడ్డు గరుకును ఓర్చుకుంటూ సాగడానికి అయ్యే ఖర్చు ఇందులో కలపలేదు. కాబట్టి ఖాళీ కడుపుతో, ఒక్క టీ తాగి బయలుదేరే అలవాటు ఉన్నవారు ఆ రోజుకు దానిని మానుకోవాలి.

గేర్ల విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ముందు చైన్‌రింగ్‌కు (తొక్కుడుల దగ్గరి పళ్ళ చక్రానికి) ఎన్ని పళ్ళు ఉంటే వెనుక క్యాసెట్‌లోని (వెనుక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తిలోని) పెద్ద చక్రానికీ కనీసం అన్ని పళ్ళు ఉండాలి. ముందు 34, వెనుక 34 ఉంటే తొక్కుడు ఒక్కసారి తిరిగితే చక్రం కూడా ఒక్కసారే తిరుగుతుంది, సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతాం. నిమిషానికి 70 తొక్కుడులతో గంటకు 9 కిలోమీటర్ల లోపు వేగం వస్తుంది. నూటికి 8 మీటర్లు లేచే ఎక్కుడు మీద ఆ వేగం నిలబెట్టడం సాధన ఉన్న వారికి కష్టమే గాని అసాధ్యం కాదు.

జీడితోట (గుణుపూర్)

గట్టుదారి గారూ, నా సైకిలుకు ముందు 34, వెనుక 28 మాత్రమే ఉన్నాయి. మా ఊరి చుట్టుపక్కల కొండలకు ఇవి సరిపోతున్నాయి. మహేంద్రగిరికి క్యాసెట్ మార్చక తప్పదంటారా?

గట్టుదారి (శ్రీకాకుళం)

మార్చుకోవడమే మంచిదండీ. 34, 28 మీద గంటకు 7 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు మీ కాళ్ళు నిమిషానికి 46 సార్లు మాత్రమే తిరుగుతాయి. అంత నిదానంగా, అంత బరువుగా తొక్కితే భారమంతా మోకాళ్ళ మీద పడుతుంది. పది నిమిషాల కొండకు అది చెల్లుతుంది గాని, రెండు గంటలకు పైగా సాగే కొండకు చెల్లదు. అయితే క్యాసెట్ పెద్దదైనప్పుడు వెనుక డెరైలర్ (గొలుసును ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకొకదానికి మార్చే పరికరం) దానిని అందుకోగలదో లేదో, గొలుసు పొడవు చాలుతుందో లేదో దుకాణంలో ముందే చూపించుకోండి.

కాశీనగర్ మాస్టారు

తనయతీరం, మీ ఆలోచన వెనుక ఉన్న చరిత్రాసక్తికి మనసారా సంతోషించాను. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. కొండ ఎక్కడానికి అయిదు గంటలు వెచ్చించి, పైన అరగంట ఉండి, ముఖలింగానికి ఆలస్యమవుతుందన్న తొందరలో దిగిపోవడం ఆ కొండకు న్యాయం కాదు.

పైన ఏమున్నదో తెలిస్తే మీరే ఒప్పుకుంటారు. జనం భీముని గుడి అని పిలిచే చిన్న ఆలయం శిఖరం మీదే ఉంది. దానిని కట్టిన తీరు చూడండి: చెక్కడపు సొగసు ఏమీ లేకుండా, కొద్దిపాటి భారీ బండలను ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టారు. అంతటి బండలను ఆ ఎత్తున ఎలా కదిలించి ఉంటారా అని అక్కడ నిలబడిన ప్రతివారికీ అనిపిస్తుంది. ధర్మరాజు గుడి, కుంతి గుడి వేరుగా ఉన్నాయి. ఈ కుంతి గుడినే గోకర్ణేశ్వరాలయమని అంటారు, మహాశివరాత్రికి జనం పోటెత్తేది ఇక్కడికే. అన్నింటికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది చోళుల గుర్తు. 11వ శతాబ్దంలో రాజేంద్ర చోళుని సేనలు ఇంత ఉత్తరానికి వచ్చి, సంస్కృతంలోను తమిళంలోను విజయ శాసనాలు చెక్కించి, పక్కనే తమ రాజచిహ్నమైన పులిని, రెండు చేపలను మలిపించాయి. తంజావూరు ఎక్కడ, మన గజపతి జిల్లా ఎక్కడ! ఆ రాతి ముందు వంగి, పక్క నుంచి పడే పొద్దుటి వెలుగులో ఆ చేపల గీతలను వెతికి చూడడానికే ఒక గంట పడుతుంది. పురాణాలు పరశురాముడు తపస్సు చేసుకుంటున్నాడని చెప్పే కొండ కూడా ఇదే.

అందుచేత కొండకు ఒక పూర్తి రోజు ఇవ్వండి, ముఖలింగానికి ఇంకొక రోజు పెట్టుకోండి.

తనయతీరం (పర్లాకిమిడి)

మాస్టారూ, మీ మాటను కాదనగలిగే వయసూ లేదు, చదువూ లేదు. కానీ మా నలుగురికీ ఒకేసారి సెలవు కుదిరేది అరుదు. ఇద్దరు దుకాణాలు నడుపుతున్నారు, ఒకరు ఆసుపత్రిలో పని చేస్తున్నారు. ఒక రోజే దొరికినప్పుడు రెండింటినీ కలిపి చూడాలన్నదే మా పట్టుదల. పైన గంటన్నర ఉండేటట్టు సమయం కేటాయిస్తే మీకు సమ్మతమేనా?

బరంపురం చక్రం

సమయం గురించి వాస్తవంగా మాట్లాడుకుందాం. డిసెంబరు నడుమ మన ప్రాంతంలో సూర్యుడు ఉదయం 6.15, 6.20 ప్రాంతంలో ఉదయించి, సాయంత్రం 5.20 ప్రాంతంలో అస్తమిస్తాడు. పగలు పదకొండు గంటలే. మీరు 5 గంటలకు బయలుదేరి పల్లపు రోడ్డు చీకటిలో దాటి, వెలుగు వచ్చేసరికి కొండ మొదలుకు చేరువ కావచ్చు. శిఖరం చేరేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. మాస్టారు కోరినట్టు గంటన్నర ఉంటే పదకొండున్నర. దిగి ఊరు చేరేసరికి రెండు దాటుతుంది. అప్పుడు ముఖలింగం చుట్టు 60 కిలోమీటర్లకు అటూ ఇటూ మిగిలి ఉంటుంది, పగలు మూడు గంటలే మిగిలి ఉంటుంది. అలసిన కాళ్ళతో, గుడి చూసే సమయం కూడా కలుపుకొని, ఇది పొసగదు. ముఖలింగం నుంచి తిరుగుదారి చీకటిలో తొక్కక తప్పదు, ఆ దారిలో ఇసుక లారీలు, ట్రాక్టర్లు వెనుక దీపాలు లేకుండా కూడా తిరుగుతుంటాయి.

కొండ మీద చీకటిలో ఉండకూడదనడానికి ఇంకొక కారణం ఉంది. గజపతి జిల్లాలోనే లఖారి లోయ అభయారణ్యం ఉంది. 2007లో శ్రీకాకుళం జిల్లా కొండల్లోకి దిగిన ఏనుగులు అక్కడి నుంచి వచ్చినవే. ఏనుగు ఏ రోజు ఏ తోటలో ఉంటుందో మనం ఊహించలేం. అటవీ శాఖ సిబ్బందిని ముందు రోజే అడిగి తెలుసుకోవాలి, తెల్లవారకముందు, మునిమాపు వేళ అడవి దారిలో ఉండకుండా చూసుకోవాలి.

వర్షాకాలంలో వెళ్ళాలని ఎవరైనా అనుకుంటే వద్దని చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటిన తరువాత గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఊళ్ళలో ప్రాణనష్టం జరిగింది. నిటారు వాలు మీద మట్టి నీటితో నిండిపోతే ఏ క్షణాన జారుతుందో చెప్పలేము.

వంశధార వాసి (హిరమండలం)

ముఖలింగం చుట్టు చదునైన దారి గనుక సులభమని ఎవరైనా అనుకుంటారేమో. పొద్దున్నే అయితే నిజమే. మధ్యాహ్నం తరువాత సముద్రం వైపు నుంచి ఎదురుగాలి వీస్తుంది. అప్పటికే 1,350 మీటర్లు ఎక్కి దిగిన వారికి ఆ గాలి ఇంకొక కొండతో సమానం.

అయినా ముఖలింగాన్ని తక్కువగా చూడవద్దు. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు మూడూ ఒకదానికొకటి కాస్త దూరంలోనే ఉన్నాయి. మధుకం అంటే ఇప్పచెట్టు. ఆ చెట్టు మొదలులోనే శివుడు వెలిశాడని స్థలపురాణం చెబుతుంది. మధుకేశ్వరాలయం గోడల మీద, స్తంభాల మీద శాసనాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ద్వారబంధాల మీది లతల చెక్కడం చూసిన తరువాత, కొండ మీది భీముని గుడి బండలను తలచుకుంటే, గాంగుల కాలపు కళ్ళతో రెండింటినీ ఒకేసారి చూసినట్టు ఉంటుంది. తనయతీరం గారి కోరిక నాకు అందుకే నచ్చింది. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగ దేవుడు తరువాత రాజధానిని కటకానికి మార్చాడు, పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నాడు. అంత పెద్ద సామ్రాజ్యానికి మొదటి ఊపిరి ఈ చిన్న ఊరిలో పోసుకుంది.

గట్టుదారి (శ్రీకాకుళం)

అందరూ ఎక్కుడు గురించే ఆలోచిస్తున్నారు, ప్రమాదం ఉన్నది దిగుడులో. దీనిని వివరంగా రాస్తున్నందుకు ఓపిక పట్టండి.

ఎక్కేటప్పుడు మీరు సంపాదించుకున్న ఎత్తు అంతా దిగేటప్పుడు వేడిగా మారి ఎక్కడికో పోవాలి. వేగంగా పోతే గాలి ఎక్కువ భాగాన్ని పంచుకుంటుంది, నిదానంగా పోతే దాదాపు అంతా బ్రేకుల మీద పడుతుంది. భయపడేవారు చేసే పని ఏమిటంటే, రెండు బ్రేకులనూ సగం పట్టుకొని కొండ పొడుగునా రాసుకుంటూ దిగడం. రిమ్ బ్రేకులు (చక్రం అంచును రెండు పక్కలా నొక్కి ఆపేవి) ఉన్న సైకిలు మీద ఇలా దిగితే రిమ్ అంచు చేయి పెట్టలేనంతగా కాగుతుంది, ఆ వేడికి లోపలి గాలి ఒత్తిడి పెరిగి ట్యూబు పేలవచ్చు. అది మలుపులో జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చక్రం నడుమ ఉండే లోహపు పళ్ళేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకుల్లో ట్యూబుకు ఆ భయం లేదు గాని, ప్యాడ్ల (పట్టి ఆపే బిళ్ళల) ముఖం గాజులా నున్నబడి పట్టు తగ్గుతుంది, అప్పుడు కీచుమని మోగడం మొదలవుతుంది.

సరైన పద్ధతి ఇది. నేరుగా ఉన్న చోట వేగాన్ని వదలండి, మలుపుకు ముందే రెండు బ్రేకులనూ గట్టిగా పట్టి వేగం తగ్గించండి, మలుపులో పూర్తిగా వదిలేయండి. పట్టడం, వదలడం ఒకదాని తరువాత ఒకటి జరగాలి, వదిలినప్పుడే రిమ్ చల్లబడుతుంది. కొండ నడుమ కనీసం రెండు చోట్ల ఆగి, రిమ్ దగ్గరికి అరచేతిని తాకకుండా చాపి చూడండి. సెగ తగిలితే అది ఆరేదాకా కదలవద్దు. టైర్ల గాలి మీరు మామూలుగా పెట్టే దానికంటే కొంచెం తగ్గించుకోండి. పైన ఊరి కంటే ఎనిమిది, తొమ్మిది డిగ్రీల చలి ఎక్కువ ఉంటుంది, ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన చొక్కాతోనే దిగితే వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు మీట పట్టలేవు. పలుచటి గాలి జాకెట్టు, చేతి తొడుగులు తప్పనిసరి.

జీడితోట (గుణుపూర్)

ఇది చదివాక ఈ వారమే నా ప్యాడ్లు మార్పిస్తాను. ఇంకొక విషయం. కొండ దారిలోని ఊళ్ళు చాలావరకు సవర గిరిజనులవి. సైకిలు తొక్కే బృందాలు ఆ ఊళ్ళను ఫొటోలకు నేపథ్యంగా వాడుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. ముఖ్యంగా ఇంటి గోడల మీది ఇడితల్ చిత్రాలు అలంకారానికి వేసినవి కావు. అవి పెద్దలకు, దేవతలకు చేసే పూజలో భాగం. అడగకుండా ఇంటి లోపలికి తొంగి చూడవద్దు, అడిగి ఒప్పుకుంటేనే చిత్రం తీయండి.

మరమరాలు, అరటిపళ్ళు, బెల్లం వెంట తీసుకువెళ్ళండి, పైన దుకాణం ఉంటుందన్న లెక్క పెట్టుకోవద్దు. ఎక్కడైనా చోడి (రాగి) అంబలి ఇస్తే మాత్రం తప్పక తాగండి. కొంచెం ఉప్పు వేసిన అంబలి గొంతు దిగగానే నీళ్ళు, ఉప్పు, పిండి పదార్థం మూడూ అందుతాయి, ఎండలో ఎక్కేవారికి కావలసింది అదే. తాగిన తరువాత డబ్బు ఇస్తే తీసుకోకపోవచ్చు. అందుకే నేను ముందే ఇంటి నుంచి ఉల్లిపాయలో, కొబ్బరికాయలో పట్టుకుపోయి ఇచ్చి వస్తాను.

కాశీనగర్ మాస్టారు

జీడితోట గారు చెప్పింది అక్షరాలా నిజం. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పని చేశారు, ఈ కొండల సవరల దగ్గరే కూర్చుని వారి భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. వ్యావహారిక భాషోద్యమానికి ముందే ఆయన సవరల కోసం శ్రమించారన్న సంగతి మన పిల్లలకు తెలియాలి. మీరు తొక్కబోయే చుట్టులో ఆయన పుట్టిన చోటు, పని చేసిన చోటు, అభిమానించిన జనం మూడూ ఉన్నాయి. అందుకే తొందర వద్దని మళ్ళీ చెబుతున్నాను.

విశాఖ పెడల్

మేము ముగ్గురం విశాఖ నుంచి వచ్చి కలవవచ్చా? సైకిళ్ళను రైలులో తేవడం వీలవుతుందా?

తనయతీరం (పర్లాకిమిడి)

తప్పకుండా రండి. విశాఖపట్నం నుంచి గుణుపూర్ వెళ్ళే ప్యాసింజర్ బండి పర్లాకిమిడి మీదుగానే పోతుంది. సైకిలును సామాను పెట్టెలో వేయించే విషయం మీ స్టేషన్‌లోని పార్సిల్ కార్యాలయంలో ముందు రోజే కనుక్కోండి. ఈ లైనుకు కూడా మన చుట్టులో చోటు ఉంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడ – పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైంది, 1931 నాటికి గుణుపూర్ దాకా సాగింది. రెండున్నర అడుగుల ఇరుకు పట్టాల మీద వంశధార లోయలో నడిచిన ఆ బండి ఈ శతాబ్దం మొదట్లో ఆగి, తరువాత బ్రాడ్‌గేజ్‌గా మారింది.

ఇక మా నిర్ణయం. బరంపురం చక్రం గారి లెక్క చూసిన తరువాత మేము నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆదివారం మొత్తం మహేంద్రగిరికే. కొండ మీద రెండు గంటలు ఉంటాం, కుంతి గుడి, ధర్మరాజు గుడి, భీముని గుడి మూడూ చూస్తాం. ముఖలింగాన్ని విడిచిపెట్టడం లేదు: శనివారం తెల్లవారుజామున, దుకాణాలు తెరిచే వేళకు ముందే, పాతపట్నం, హిరమండలం మీదుగా వెళ్ళి సారవకోట దారిన వచ్చేస్తాం. అంటే గాంగుల రాజధాని ముందు రోజు, వారి దైవం మరునాడు. రెండు రోజుల మధ్య ఒక్క రాత్రి నిద్ర ఉంటుంది, దానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

కాశీనగర్ మాస్టారు

అభ్యంతరం లేదు, ఆనందమే. శనివారం పాతపట్నంలో నీలమణి దుర్గమ్మ గుడి దగ్గర కలుస్తాను. సైకిలు తొక్కను గాని, బస్సులో ముఖలింగం వచ్చి శాసనాలు చదివి వినిపిస్తాను.

బరంపురం చక్రం

ఆదివారం శిఖరం నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ మధ్యాహ్నం 12.30 లోపు దిగడం మొదలుపెట్టండి. ఎవరైనా 11 గంటలకు కూడా సగం కొండ దాటకపోతే అక్కడి నుంచే వెనుదిరగాలని ముందే ఒప్పందం చేసుకోండి. కొండ మీద, అలసటలో, ఆ చర్చ మొదలుపెట్టవద్దు. ఇద్దరి దగ్గరైనా పటం ముందే ఫోన్‌లోకి దించుకుని ఉండాలి, సిగ్నల్ అంతటా ఉండదు.

గట్టుదారి (శ్రీకాకుళం)

శుక్రవారం సాయంత్రం నేను పర్లాకిమిడి వస్తున్నాను. అందరూ సైకిళ్ళు పట్టుకురండి. ప్యాడ్లు, కేబుళ్ళు, రిమ్ అరుగుదల, టైరు పక్కల పగుళ్ళు చూసి, కొండకు పనికిరావని తేలిన వాటిని శనివారం చుట్టుకు మాత్రమే వాడుకుందాం. రెండు అదనపు ట్యూబులు, గొలుసు కలిపే లింకు ఒకటి, చిన్న పంపు ఎవరికి వారు తెచ్చుకోవాలి. విశాఖ వారు తమ చక్రాల పరిమాణం ఇక్కడే రాస్తే ట్యూబులు నేను తెస్తాను.

విశాఖ పెడల్

రెండు 700x28, ఒకటి 700x35. మూడింటికీ ప్రెస్టా వాల్వే (గాలి కొట్టే సన్నటి రకం మూతి). శనివారం ఉదయం బండికి దిగుతాం, ముఖలింగానికి కలవలేకపోయినా ఆదివారం 5 గంటలకు మీ ఇంటి ముందు ఉంటాం.